కరువు వేషం

ఇంద్రాణి తన కథలను ఎప్పుడూ తెల్లకాగితం మీద మొదలుపెట్టలేదు. మొగుడు గంగాధర్ ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. చిన్న చిన్న గళ్లున్న గ్రాఫు కాగితాలు ఆ ఇంట్లో చాప కింద, బియ్యం డబ్బా మీద, దేవుడి పటం వెనక, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ దొరుకుతాయి. నెమలి మెడ వంపు తప్పిందని అతను మూలకు విసిరేసిన కాగితం ఒకటి తీసుకుని, తిరగేసి, వెనక్కి కనబడుతున్న గళ్లలో ఒక్కో మనిషిని రాసుకుంటూ ఆమె ఒక కోట కట్టడం మొదలుపెట్టింది.

కోట పేరు ఎర్రబండ దుర్గం. దుర్గంలో ఒక పాలెగాడు. పాలెగాని కొలువులో అతన్ని నవ్వించడానికి ఒక మనిషి. ఆ మనిషి ఉన్న గడి పక్క గడిని ఆమె నల్లగా నింపేది. చీర మీద నలుపంటే నలుపే. ఇంద్రాణి కాగితం మీద నలుపంటే చావు.

కథలు వినిపించే ఒక యాప్ వాళ్లకు ఆమె అంతకుముందు అత్తాకోడళ్ల కథ ఒకటి చెప్పింది. ఆ వీధిలో మగ్గాల మీద కూర్చునేవాళ్లంతా దాన్ని విన్నారు. నేతలో చేతికి పని, కాలికి పని, కంటికి పని. చెవి ఒక్కటే ఖాళీ. ఆ ఖాళీ చెవిలోకి ఎవరు దూరితే వాళ్లదే రాజ్యం. అందుకే యాప్ కథలు చూసే సునంద హైదరాబాదు నుంచి మళ్లీ ఫోన్ చేసింది.

"ఈసారి చీకటి కథ కావాలండీ. పాతకాలం, కోటలు, రక్తం. కానీ రాజు హీరో కాకూడదు. ఎవరూ పట్టించుకోని మనిషి కావాలి."

"కోణంగి," అంది ఇంద్రాణి, రాట్నం తిప్పుతున్న చేతిని ఆపకుండానే.

"అంటే?"

"కొలువులో నవ్వించేటోడు మేడం. వానిదే కత. ఐదు భాగాలు. ఒక్కోదాంట్లో ఒక్కో కోణంగి. అందురూ సస్తారు."

అటువైపు సునంద ఏదో టైపు చేసుకుంటున్న చప్పుడు. తర్వాత, "ప్లాన్ పంపండి. మొదటి భాగంలోంచి ఒక ఘట్టం మచ్చుకు మీ గొంతుతోనే చదివి పంపండి," అంది.

ఆ తర్వాత రోజులన్నీ ఇంద్రాణికి రెండు ఇళ్లు. ఒక ఇంట్లో ఆమె దారం కండెలు చుట్టేది, సంగటి కెలికేది, నీళ్లొస్తే బిందెలు నింపేది. ఇంకో ఇంట్లో దివిటీల పొగకు నల్లబడిన గోడల కింద, గజ్జెల చప్పుడు వినబడకుండా ఒకడు నడిచేవాడు. పట్టుదారం వేళ్ల మధ్య జారుతుంటే ఆమెకు చలి వేసేది, ఎండ మండిపోతున్నా సరే. రెండో భాగంలో రాణివాసంలో నవ్వించే ఒక ఆడమనిషి. మూడో భాగంలో రాజు తినే ముందు తిని చూసేవాడు; విషం నాలుక మీద ఉండగానే ఆఖరి హాస్యం ఆడతాడు. నాలుగో భాగంలో రాజు ముఖమే ఉన్న కోణంగి. చివరి భాగంలో కోణంగే రాజై, రాజ్యంలో ఎవరూ నవ్వకూడదని చాటింపు వేయిస్తాడు. అన్నీ కుదిరాయి. మొదటివాడు ఒక్కడే కుదరలేదు. వాడికి చావు దొరికింది కాని బతుకు దొరకలేదు.

బతుకు ఇంట్లోనే, వెనక గదిలో, బీడీ వాసన వేస్తూ ఉంది.

లింగప్ప ఆమెకు చిన్నమామ, మామగారి తమ్ముడు. మామగారు పోయాక ఆ ఇంటికి మిగిలిన పెద్ద మగమనిషి. కాని ఆయన్ని పెద్దమనిషిగా ఎవరూ లెక్కపెట్టరు, ఆయన లెక్కపెట్టనివ్వడు. వయసులో ఉన్నప్పుడు మడకశిర దగ్గర ఒక ఊరికి ఇల్లరికపుటల్లుడుగా పోయాడు. అక్కడ బయలాటల్లో, అంటే ఊరి వీధినాటకాల్లో, కోణంగి వేషం కట్టేవాడు. కన్నడం కలిసిన ఆ పక్క మాటలో కోణంగిని కోడంగి అంటారు. ఆ ఊరి పేరు ఆయన ఎప్పుడూ చెప్పడు. 'ఆ ఊరు' అంటాడు, అంతే. తిరిగి ధర్మవరం చేరాక పక్కనున్న నరసింహప్ప షెడ్డులో పని పట్టుకున్నాడు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే, కొత్త పడుగు పోగుల్ని దాని కొసలకు ఒక్కొక్కటిగా మెలివేసి అతికే పని. వేళ్లు పోగుల మీద ఉంటే నోరు జనం మీద ఉండేది.

చీరల పడుగు మగ్గం దిగిన రోజు నరసింహప్ప టీ తెప్పించి, ఉడకబెట్టిన శెనక్కాయలు చాట నిండా పోసేవాడు. అప్పుడు ఎవరో ఒకరు అడగాల్సిందే.

"తాతా, నీ కరువు కత జెప్పు."

"మొన్ననే గదప్పా చెప్తి."

"మొన్న విన్న చెవులు వేరే, ఈ పొద్దు చెవులు వేరే."

లింగప్ప గొంతు సవరించుకునేవాడు. అప్పటికే సగంమంది నవ్వడం మొదలుపెట్టేవాళ్లు.

"ఆ పొద్దు నేను మామూలు మనిషిని గాదప్పా, కరువును! రెండేండ్లు వాన లేదు. కప్పలకు పెండ్లి జేసినారు. కప్పలు బాగనే కాపురం జేసుకున్యాయి, వాన రాలేదు. ఇంగ కరువును పొలిమేర దాటించల్ల అన్యారు. కరువు యేసం ఎవురు గట్టల్ల? కోడంగి లింగప్ప ఉండాడు గదా! ఒంటికి పాత చాప చుట్టినారు, మెడలో చెప్పుల దండ, నెత్తిన పగిలిన కుండ, మొగానికి మసి. నేను అద్దం అడిగితి. ఏంటికిరా అన్యారు. కరువు ఎట్లుంటాదో సూద్దామని సామీ, ఇన్నాళ్లూ పొట్టలోనే ఉండె, మొగం సూడలేదు అంటి."

శెనక్కాయ తొక్కలు ఎగిరిపడేవి.

"కరువును తరిమేటప్పుడు మొదటి దెబ్బ వాని ఇంటోళ్లే కొట్టల్ల. అది ఊరి కట్టుబాటు. మా ఆడది నల్లమ్మ చీపురెత్తింది. అబ్బబ్బ! పెండ్లయిన కాన్నుంచీ దాచిపెట్టుకున్న దెబ్బలన్నీ ఒకేపారి బయటికి తీసింది గదప్పా!"

ఈ మాట దగ్గర ఆయన చెయ్యి ఎత్తి, నడుం వంచి, తనే కొట్టి తనే దెబ్బ తినేవాడు. ఓబమ్మ అని షెడ్డులో కండెలు చుట్టే మనిషి ఒకామె ఉండేది. ఆమె నవ్వీ నవ్వీ గోడకు ఆనుకుపోయేది.

"పొలిమేర దాటించి, మళ్లా వస్తే కాళ్లిరుస్తాం అన్యారు. సరేనని ముందుకు పోతే పక్కూరోళ్లు కట్టెలు పట్టుకోని నిలబడినారు, మా ఊర్లోకి కరువును తోల్తారా అని. ఈ పక్క పో అంటారు, ఆ పక్క రావాకు అంటారు. నడాన నేను. అంతలో గొర్రెలు తోలుకుంటా ఆ పక్కూరి ముసలాయన వచ్చె. ఎవురప్పా నువ్వు అనె. కరువును అంటి. కిందికీ మీదికీ సూసి, 'మా ఊర్లో రెండేండ్ల నుంచీ ఉండావు గదప్పా, మళ్లా కొత్తగా యాడ నుంచి వస్తాండావు?' అనె!"

నవ్వు తగ్గాక ఆయనే మెల్లగా ముగించేవాడు. "ఆ సాయంత్రమే వానొచ్చె. కోడంగి పోతే వానొచ్చింది! ఇంగ నన్ను రానిస్తారా? నేను కాలు పెడితే వాన పోతాది. ఎమ్మెల్యేకు గూడా లేదప్పా ఆ బలం."

ఇంద్రాణి ఆ కథను ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి వింటోంది, ప్రతిసారీ నవ్వింది. ఎర్రబండ దుర్గం కట్టడం మొదలుపెట్టాక ఒకసారి విన్నప్పుడు మాత్రం నవ్వు సగంలో ఆగిపోయి, అయ్యో, నా మొదటి కోణంగి ఇతనే కదా అనిపించింది. కరువు పోవాలంటే కోణంగిని తరమాలి. పాలెగాడు ఆజ్ఞ ఇస్తాడు. మొదటి దెబ్బ పెండ్లాం కొట్టాలి. ఆమె వెన్ను జలదరించింది. అది జాలి అనుకుంది అప్పుడు. జాలి కాదు, దొరికిందన్న సంతోషం.

ఒక మధ్యాహ్నం లింగప్ప ఇంట్లోనే కూర్చుని చిక్కుబడ్డ పట్టు విడదీస్తున్నాడు. ఆమె మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చుంది.

"చిన్నమామా, ఆ తర్వాత నల్లమ్మత్త ఏమయింది?"

అది ఎవరూ అడగని ప్రశ్న. కథ వానతో ముగిసిపోతుంది కదా. లింగప్ప చిక్కులోంచి ఒక పోగు బయటికి లాగాడు. తర్వాత చెప్పాడు, ఎవరికో కాదు, ఆ దారానికి చెబుతున్నట్టు.

"పొలిమేర రాయికాడనే ఉంటిని, ఒక ఏడు. గొర్రెల మందలో పండుకొనేది. పొద్దు వాలేకొద్దీ ఆమె సద్ది తెచ్చేది. ఇటుపక్కకు దాటితే ఆమెను గూడా ఊర్లోకి రానీరు. రాయి మీద సద్ది పెట్టి ఎనక్కి పోయి నిలబడేది. నేను పోయి తీసుకునేది. తినేదంతా సూసేది. నేను కోతి చేష్టలు చేసేది, నవ్వుతాదేమో అని. నవ్వేది గాదు. 'ఊరికే కొట్టినట్ల చేద్దామనుకుంటి, చెయ్యి జోరుగా పడిపాయె' అనేది. దినామూ ఆ ఒక్క మాటే. ఒక పొద్దు రాలేదు. మర్నాడూ రాలేదు. జరమొచ్చి పోయిందంట. మట్టి ఎయ్యనీకి గూడా నన్ను రానీలేదు."

మజ్జిగ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "ఇది కతలో చెప్పనమ్మా. దీంట్లో నవ్వు లేదు. నీకు గాబట్టి చెప్తి."

ఇంద్రాణి తల ఊపింది. ఎవరికీ చెప్పనన్నట్టే ఊపింది. ఆ ఊపుతున్న తలలో అప్పటికే గళ్లు నిండుతున్నాయి: ఈ గడిలో రాయి, ఈ గడిలో సద్ది, ఇక్కడ ఆ మాట. చెయ్యి జోరుగా పడిపాయె. ఇలాంటి మాట తను జన్మలో కల్పించలేదు. ఆ వారమంతా ఆమె వంట చేస్తూ కూనిరాగం తీసింది. ఆ కూనిరాగం తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా ముఖం గోడవైపు తిప్పుకునేది, చుట్టూ ఎవరూ లేకపోయినా.

ఇంద్రాణి ప్లాన్ పంపేసింది. ఊరు మార్చింది, కాలం మార్చింది, లింగప్పను తిమ్మడు చేసింది, నల్లమ్మను మల్లవ్వ చేసింది. చివర్లో తిమ్మడు పొలిమేర రాయిని కావలించుకుని ఏడ్చి ఏడ్చి చచ్చిపోతాడు. మచ్చుకు ఆ ఘట్టమే చదివింది. మగ్గాల చప్పుడు వినబడకుండా, పట్టు మూటలున్న చిన్న గదిలో తలుపు వేసుకుని, చెమటలు కారుతుంటే ఒక్క ఊపులో చదివేసింది. మళ్లీ వినలేదు. తన గొంతు తను వింటే సిగ్గు అని గంగాధర్‌తో అంది. తర్వాత అనిపించింది, ఆ ఒక్కసారి సిగ్గు పక్కన పెట్టి విని ఉంటే బాగుండేదని.

సునంద వాళ్లు ఆ మచ్చును ముందుగా కొంతమందికి వినిపించి చూద్దామని యాప్‌లో పెట్టారు. అది మొదట దొరికింది నరసింహప్పకే. షెడ్డు మధ్యలో స్పీకరు పెట్టి కేక వేశాడు.

"మగ్గాలు నిలపండప్పా! మన ఇంద్రాణమ్మ రాజుల కత చెప్తాండాది!"

ఇంద్రాణి గుమ్మం దగ్గర రాట్నం ముందు ఉంది. లింగప్ప మగ్గం వెనక, ఒడి నిండా పోగులతో. మొదట అందరూ ముసిముసిగా నవ్వారు. కరువు వేషం రాగానే నరసింహప్ప తొడ చరిచాడు.

"తాతా, ఇది నీ కతే గదప్పా!"

"మల్ల ఏమనుకుంటివి? నన్ను రాజుల కాలానికి తోలింది నా కోడలు!" లింగప్ప మీసం మెలేశాడు. మీసం లేదు, ఉన్నట్టు మెలేశాడు.

తర్వాత పొలిమేర రాయి వచ్చింది. సద్ది వచ్చింది. స్పీకరులోంచి ఆమె గొంతు, ఆమెకే తెలియనంత మెత్తగా, ఆ మాట చెప్పింది. అక్కడ, ఆ మాట వెంటనే, మల్లవ్వ అనాల్సిన చోట, ఆ గొంతు స్పష్టంగా 'నల్లమ్మ' అంది.

నాలుక చేసిన పని అది. కాగితం మీద మల్లవ్వ అనే ఉంది. ఇంద్రాణి చేతిలో దారం తెగింది. మగ్గాల మీద దారం మోసే నాడెలు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. అందరి తలలూ ఒకేసారి మగ్గం వెనక్కి తిరిగాయి. లింగప్ప ఒడిలోని పోగుల్ని నిదానంగా తీసి, మగ్గం చెక్క మీద పెట్టి, పంచె దులుపుకుని బయటికి నడిచాడు. ఆమె పక్కనుంచే పోయాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఆయన అసలు చూడలేదు.

కోపం చల్లారుతుంది, నాలుగు రోజులు పోతే మామూలే అని గంగాధర్ అన్నాడు. ఇంద్రాణి కూడా అలాగే అనుకుంది. మళ్లీ పడుగు దిగిన రోజు టీ వచ్చింది, శెనక్కాయలు వచ్చాయి. లింగప్ప కూడా వచ్చాడు. ఈసారి ఎవరూ అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు. కప్పల పెండ్లి దగ్గర ఇద్దరు ముగ్గురు నవ్వారు, మర్యాదకు నవ్వినట్టు. అద్దం దగ్గర ఎవరో దగ్గారు. 'మా ఆడది చీపురెత్తింది' అని ఆయన చెయ్యి ఎత్తాడు.

ఓబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాని ఆ కళ్లలో నీళ్లు నవ్వువి కావు.

"అయ్యో పాపం తాతా! ఆమె ఊరికే కొట్టినట్ల చేద్దామనుకునింది గదా," అంది.

ఎత్తిన చెయ్యి అలాగే కాసేపు ఉంది. తర్వాత ఆయన ఆ చేత్తోనే తల గోక్కున్నాడు, అందుకోసమే ఎత్తినట్టు. "టీ చల్లారిపోతాంది, తాగండప్పా," అన్నాడు. కథ అక్కడ ఆగింది. ఇన్నేళ్లలో అది మొదటిసారి పొలిమేర చేరలేదు.

ఆ తర్వాత ఆయన షెడ్డుకు పోవడం మానేశాడు. వీధిలో కనబడిన వాళ్లు 'తాతా బాగుండావా' అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు. చిల్లర అంగడివాడు బీడీ కట్టతో పాటు ఒక బిస్కెట్ పొట్లం ఊరికే చేతిలో పెట్టాడు. ఇంట్లో ఇంద్రాణి వడ్డిస్తే ఆకలి లేదనేవాడు. అత్త కదిరమ్మ వడ్డిస్తే తినేవాడు.

"ఏం పెట్టినావే వానికి కతలో? నీ చేతి పప్పు గొంతు దిగడంలే వానికి," అంది కదిరమ్మ. చెవులు మందగించడం వల్ల ఆ వీధిలో ఆ మచ్చు వినని మనిషి ఆమె ఒక్కతే. ఇంద్రాణి చెప్పలేకపోయింది. చెప్పాలంటే మళ్లీ ఆ కథ చెప్పాలి కదా.

అలాంటి రోజుల్లోనే సునంద ఫోన్. గొంతులో పండగ.

"ఐదు భాగాలూ ఓకే అండీ! ఆ పొలిమేర సీను విని మా ఆఫీసులో అందరం ఏడ్చాం. దాంతోనే సిరీస్ మొదలుపెడదాం. ఏమంటారు?"

వద్దు అనాలి. ఇంద్రాణికి తెలుసు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కాని గడులు గడులుగా నిలబడిన కోట కళ్ల ముందు మెరిసింది. దివిటీలు, రాణివాసం, విషం నాకిన నాలుక. ఇన్నాళ్లు కండెలు చుట్టిన చేతికి మొదటిసారి ఒక రాజ్యం.

"రేపు చెప్తా మేడం," అంది.

ఆ 'రేపు' అన్నందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. వెనక గది గుమ్మం దాకా పోయింది. లింగప్ప గుడ్డసంచిలో బట్టలు సర్దుకుంటున్నాడు.

"యాడికి చిన్నమామా?"

"మడకశిరకు. పాపన్న ఉండాడు గదా, మా ఆటలో రాజు కట్టేటోడు. రాజింట్లో కోడంగికి ఇంత ముద్ద దొరకదా?"

"నా మీద కోపంతో పోతాండావా?"

లింగప్ప సంచి ముడి బిగించాడు. "నన్ను ఇల్లరికమోడు అన్యారు, కోడంగి అన్యారు, కరువు అన్యారు. చెప్పుల దండ ఏసినారు. పాపం అని మాత్రం ఎవురూ అన్లేదమ్మా. ఈ వీధిలో కుక్క గూడా నన్ను సూసి పాపం అంటాండాది. ఈడ నేను ఉండలేను."

కదిరమ్మ ఏడ్చింది, తిట్టింది, చివరికి కోడలి వైపు తిరిగింది. "నీ వల్ల పోతాండాడు. నువ్వే పోయి బస్సెక్కించి రా."

బస్టాండులో హిందూపురం బస్సు నిలబడి ఉంది. అక్కడ దిగి మడకశిరకు మారాలి. ఎండకు ప్లాట్‌ఫారం బండలు కాలుతున్నాయి. గాలి లేస్తే ఎర్రమట్టి పొడి మనుషుల మధ్య నుంచి ఎవరినో వెతుక్కుంటూ పోతున్నట్టు పోయేది. ఇంద్రాణి సంచి పట్టుకుని వెనక నడిచింది. దారంతా కూడగట్టుకున్న మాట బస్సు మెట్టు దగ్గర బయటికి వచ్చింది.

"తప్పయిపోయింది చిన్నమామా."

"తప్పేముందమ్మా, బాగనే చెప్పినావు. విని నేనే ఏడ్చినా. ఆమె పోయినప్పుడు గూడా ఏడ్వలేదు నేను." ఆయన సంచి అందుకున్నాడు. "ఆ కతను నవ్వుల కిందేసి ఇన్నేండ్లు తొక్కిపెట్టింటి. నువ్వు తీసి ఎండలో ఆరేస్తివి. ఇంగ దాన్ని ఎట్ల మడిచిపెట్టల్లో నాకు తెలుస్తాలేదు, అంతే."

ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆమె కింద నిలబడిపోయింది. బస్సు కదలడానికి ఇంకా వేళ ఉంది. లోపల సంత నుంచి పోతున్న ఆడవాళ్లు, చంకలో గొంగడి పెట్టుకున్న ఒక గొర్రెల కాపరి, చెవుల్లో తీగలు పెట్టుకున్న ఒక కాలేజీ పిల్ల. కాపరి ఏదో అడిగాడు. లింగప్ప ఏదో అన్నాడు. ఇంజను చప్పుడుకు మాటలు ఆమెకు వినబడలేదు. కాని ఆయన గొంతు సవరించుకోవడం కనబడింది.

తర్వాత ఆయన అరచేతిని అద్దంలా ముఖం ముందు పెట్టుకున్నాడు. కాపరి పళ్లు బయటపడ్డాయి. ముందు సీటు ఆడమనిషి వెనక్కి తిరిగింది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి కంబికి ఆనుకున్నాడు. ఇంద్రాణి కిటికీకి ఒక అడుగు దగ్గరికి జరిగింది. లింగప్ప చెయ్యి పైకి లేచింది, చీపురు ఎత్తినట్టు. ఒక్క క్షణం తడబడింది. ఆమె ఆ తడబాటు చూసింది, ఇంకెవరికీ కనబడలేదు. చెయ్యి దిగింది. బస్సంతా పక్కున నవ్వింది. కిటికీల్లోంచి ఆ నవ్వు ఎండలోకి పడింది. కాలేజీ పిల్ల ఏమిటేమిటని చెవుల్లోంచి తీగలు తీసేసి, సీటు మీదకు మోకాళ్లెత్తి వినసాగింది.

లింగప్ప ముఖం వెలిగిపోతోంది. ఇంద్రాణి చాలా రోజుల తర్వాత చూసింది ఆ ముఖాన్ని. కాని ఆమె కళ్లు ఆ పిల్ల ఒళ్లో ఉన్న ఫోను మీద ఆగిపోయాయి. ఆ తీగలు మళ్లీ చెవుల్లోకి పోతాయి. రేపో ఎల్లుండో అందులోంచి తన గొంతు మెత్తగా వస్తుంది. ఈ నవ్విన నోళ్లన్నీ ఒక్కొక్కటే 'పాపం' అంటాయి. హిందూపురంలో, మడకశిరలో, పాపన్న ఇంటి అరుగు మీద కూడా.

అక్కడే నిలబడి ఫోను తీసింది.

"ఆ మచ్చు తీసెయ్యండి మేడం."

"ఎందుకండీ? విన్నవాళ్లంతా ఏడుస్తున్నారు!"

"అందుకే మేడం. అది నాది గాదు."

"పోనీ పేర్లు మార్చి, ఆ సీను లేకుండా..."

ఇంద్రాణి ఆలోచించింది. ఆ రాయి తీసేస్తే మొదటివాడు నిలబడడు. మొదటివాడు లేకపోతే మిగిలిన నలుగురికి తలుపు లేదు. "అది తీస్తే ఇంగేమీ లేదు మేడం," అంది.

సునంద నిట్టూర్చింది. "తీసేస్తాం లెండి. కాని ఇప్పటికే ఫోన్లలో దింపుకున్నవాళ్ల దగ్గర నుంచి తియ్యలేం. పంచుకున్నవాళ్లు కూడా ఉంటారు. అది మా చేతిలో లేదండీ."

బస్సు కదిలింది. లింగప్ప కథలో ఉన్నాడు. కిటికీ బయటికి పెట్టిన చెయ్యి ఆమెకు వీడ్కోలు కాదు, కథలోని ముసలాయన గొర్రెల్ని అదిలిస్తున్న చెయ్యి. మలుపు తిరిగేదాకా చూసి ఆమె వెనక్కి నడిచింది. ఫోన్లలోని తన గొంతు ఎన్ని ఊళ్లకు ఆ బస్సు కంటే ముందు చేరిందో ఆమెకు తెలియదు.

ఇంటికి పోవాలంటే షెడ్డు ముందునుంచే పోవాలి. తల వంచుకుని దాటబోయింది.

"పోయినాడా తాత? అయ్యో, పాపం," అంది లోపలి నుంచి ఓబమ్మ.

ఇంద్రాణి ఆగింది. పాపం కాదు, బస్సంతా నవ్వించుకుంటా పోయినాడు, కండక్టరు టిక్కెట్లు గూడా మర్చిపోయినాడు అని చెప్పాలనుకుంది. ఆయన చెయ్యి ఎత్తిన తీరు చూపిస్తే వీళ్లూ నవ్వుతారు. గుమ్మంలోకి వచ్చి నోరు తెరిచింది.

"బస్సులో ఏమయిందంటే..."

ఆ గొంతు వినగానే మగ్గాలు ఒకటొకటే ఆగాయి. నరసింహప్ప చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఓబమ్మ కొంగు కొస సిద్ధంగా పట్టుకుంది. అందరి ముఖాలూ ఏడవడానికి కుదురుకుని, ఆమె వైపు చూస్తున్నాయి.

సగం లేచిన చెయ్యి ఆమె కిందికి దించేసింది.

"పోయినాడు," అని, ఇంట్లోకి వెళ్లిపోయింది.